పరుగు చివరి తూకం

మే 4, సోమవారం

ఇది ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. శనివారం జరిగినదాన్ని ఈ రెండు రోజుల్లో ముగ్గురికి చెప్పాను. ముగ్గురికీ ఒకేలా చెప్పలేదు. గురువారం విచారణ అధికారి ముందు కూర్చోవాలి. ఈలోగా నాలుగో రకం తయారైతే, అసలుది నాకే దొరకదు. తెలియని మనిషికి చెప్పినట్టు రాసుకుంటే తప్పించుకోవడానికి సందు ఉండదని, అలాగే రాస్తున్నాను.

శనివారం మొదటి బ్యాచ్ అమ్మాయిలకి బరువు పరుగు. వీపున పన్నెండు కిలోల సంచి, పది కిలోమీటర్లు, గంటా ఇరవై నిమిషాలు. ఏడింటికి మొదలవ్వాలి. లారీ ఆలస్యమై ఎనిమిదిన్నరకి మొదలైంది. ముందురోజు వాన పడింది. గాలి లేదు. ఒకటే ఉక్క.

నేను ఈ శిక్షణ కేంద్రం వైద్య గదిలో సహాయకురాలిని. ఏడు నెలలైంది చేరి. పరుగు రోజుల్లో నాకు ఇంకో పని ఉంటుంది. ముగింపు గీత దగ్గర కాటా పెట్టుకుని, వచ్చిన ప్రతి సంచినీ తూచి రిజిస్టర్లో రాయాలి.

ఉడుత పదిహేడో మనిషిగా వచ్చింది. చిన్నగా, చురుగ్గా ఉంటుందని బ్యాచ్ అంతా ఆ అమ్మాయిని అలాగే పిలుస్తారు. తాడు ఎక్కడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. సంచి తూచాను. ఆ తర్వాత ఆమె మైదానం అంచున పడిపోయింది.

శిక్షకుడు చూసి పరిగెత్తారు. ఆయన్ని అందరూ విజిల్ సార్ అంటారు, నిద్రలో కూడా ఊదుతారని అమ్మాయిల జోకు. ఉడుతను భుజాన వేసుకుని, యూనిఫారాలు నానబెట్టే సిమెంటు తొట్టిలో దించేశారు. వంటగదిలో ఉన్న ఐసు మొత్తం తెమ్మని అరిచారు. డ్రైవరు జీపు తెచ్చి పెడితే, "జీపు తర్వాతరా! ముందు మనిషిని చల్లార్చాలి!" అని కసిరారు. తొట్టిలో ఉంచిన ఆ ఎనిమిది నిమిషాలే ఆ అమ్మాయిని బతికించాయని మా కేంద్రానికి వచ్చే డాక్టరమ్మ తర్వాత చెప్పింది.

ఇంతే జరిగింది. నేను చేసింది తూచడమే.


మే 5

41.3. తొట్టిలో దించేటప్పుడు నేను చూసిన ఒంటి వేడి, సెల్సియస్‌లో. ఇవాళ ఈ అంకె తప్ప ఇంకేమీ రాయలేకపోతున్నాను.


మే 6, బుధవారం

ఆస్పత్రికి వెళ్ళాను. రెండో అంతస్తు, చివరి మంచం. పెదాలు పగిలి ఉన్నాయి. మూత్రం ఇంకా టీ రంగులోనే వస్తోందని నర్సు చెప్పింది.

నన్ను చూడగానే ఉడుత, "ఏమక్కా, ఆ ముఖమేంటి? పడింది నేనా, నువ్వా?" అంది.

"నోరు మాత్రం పడలేదన్నమాట."

"అది కూడా పడితే ఈ వార్డులో ఎవరికీ తోచదు."

అడిగితే ఒక్కొక్కటీ చెప్పింది. కాగితాలు ఆలస్యమై బ్యాచ్‌లో తొమ్మిది రోజులు వెనకగా చేరింది. వాళ్ళది చలి ప్రాంతం. "మా ఊళ్ళో ఈ నెలలో కూడా దుప్పటి కప్పుకుంటాం అక్కా. ఇక్కడ దుప్పటి చూస్తేనే చెమట పడుతోంది." పరుగుకు ముందు రెండు రోజులు విరేచనాలు. ముందు రాత్రి కాపలా, పడుకున్నది మూడు గంటలు. ముక్కు కారుతుంటే పక్క మంచం అమ్మాయి జలుబు మాత్ర ఇచ్చింది, అదీ వేసుకుంది.

"విరేచనాలని నా దగ్గరికి ఎందుకు రాలేదు?"

"వస్తే నువ్వు రాసుకుంటావుగా! రాస్తే జెండా పోతుంది."

వారమంతా ఒక్కరూ వైద్య గదికి రాని బ్యారక్ గుమ్మానికి పచ్చజెండా కడతారు. ఆ బ్యారక్‌కి రెండు వారాలుగా ఉంది.

"నా కడుపు పాడైందని ముప్పైమంది జెండా ఊడదీయనా? చంపేస్తారు."

తర్వాత ఆమే అడిగింది. "ఎనిమిదో కిలోమీటరు రాయి చూశాను. అక్కణ్ణుంచి ఏమీ గుర్తులేదు. నా సంచి సరిపోయిందా అక్కా?"

"సరిపోయింది."

"హమ్మయ్య. నీళ్ళు తాగేశానేమోనని ఒకటే భయం."

దుప్పటి సర్దాను. అది సర్దే ఉంది.


మే 7, గురువారం

వాంగ్మూలం అయిపోయింది. ఇరవై నిమిషాలు పట్టింది.

విచారణ అధికారి రిజిస్టరు తిప్పి, "రాత ముత్యాల్లా ఉందమ్మా. ఎంతవరకు చదివావు?" అన్నారు. చెప్పాను. "ఇంట్లో ఇంకెవరు చదివారు?" "నేనే మొదటిదాన్ని సార్." "శభాష్" అన్నారు. తర్వాత ఉడుత వరస మీద వేలు పెట్టారు. "పన్నెండు కిలోల రెండు వందలు. మిగతావాళ్ళందరికీ సరిగ్గా పన్నెండు. ఈ అమ్మాయి ఎందుకు ఎక్కువ మోసింది?"

"తెలియదు సార్. రిజిస్టర్లో ఉన్నది అదే."

రిజిస్టర్లో ఉన్నది అదే. అబద్ధమేమీ కాదు.


మే 8

జ్వరాలు నాలుగు, మడమ పుండ్లు ఆరు. కాటా తుడిచి గుడ్డ కప్పాను. రాయడానికి ఏమీ లేదు.


మే 10, ఆదివారం

ఇంటికి ఫోను చేశాను. అమ్మానాన్నలు ఇటుక బట్టీ నుంచి అప్పుడే వచ్చారు. నాన్న బట్టీలో మంట చూస్తాడు, అమ్మ పచ్చి ఇటుకలు మోస్తుంది.

ముందు నాన్న అందుకున్నాడు. "ఏమ్మా డాక్టరమ్మా, బాగున్నావా?"

"నేను డాక్టర్ని కాదు నాన్నా, ఎన్నిసార్లు చెప్పాలి?"

"మాకు నువ్వే. మా అమ్మాయి సూదేస్తే ఏనుగైనా లేచి కూర్చుంటుందని మేస్త్రీతో చెప్పేశాను కూడా. ఇప్పుడు కాదంటే నా పరువేం కాను?"

ఉడుత సంగతి ఎవరిదో కథలాగా చెప్పాను. అమ్మ ఫోను లాక్కుంది.

"వచ్చి ఎన్నాళ్ళయిందే ఆ పిల్ల?"

"పరుగునాటికి పది రోజులు."

"పది రోజులకే అంత బరువెత్తి పరిగెత్తించారా? బట్టీకి కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి పదీ పన్నెండు రోజులు సగం పనే కదే. ఒంటికి వేడి మప్పాలి. అంతమంది చదువుకున్నవాళ్ళున్నారు, ఆ మాత్రం తెలీదా?"

వెనకనుంచి నాన్న, "మా మేస్త్రీ రాక్షసుడే. అయినా నీళ్ళ కుండ దగ్గరికి పోయేవాణ్ణి మాత్రం ఏమీ అనడు. మనిషి పడిపోతే ఇటుకలు వాడి తాత మోస్తాడా?" అన్నాడు.

అమ్మ ఇంకా చెబుతోంది. "కాళ్ళు తడబడితే చూసుకోవచ్చు. మాట తేడా వస్తే మాత్రం అయిపోయినట్టే. పక్క బట్టీలో ఒకాయన పెళ్ళాన్ని పట్టుకుని అత్తా అన్నాడంట. అందరూ పకపకా నవ్వారంట. ఇటుకలు దించేలోపే..."

సరిగ్గా వినపడటం లేదని పెట్టేశాను.

బాగానే వినపడుతోంది.


మే 12, మంగళవారం

నోటీసు బోర్డు మీద విచారణ ఫలితం అంటించారు. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటున్నాను: "నిర్ణీత బరువుకు మించి మోయడం, అనారోగ్యాన్ని దాచడం. ఈ రెండూ ట్రైనీ స్వయంకృతాలు. సానుభూతితో ఇంకొక అవకాశం ఇవ్వడమైనది. మే 21న రెండో బ్యాచ్‌తో కలిసి బరువు పరుగు పూర్తి చేయవలెను. చేయని పక్షంలో శిక్షణ నుంచి తొలగించబడును."

ఉడుత నిన్న ఆస్పత్రి నుంచి వచ్చింది. బోర్డు ముందు నిలబడి చదువుతోంది. బుగ్గలు లోపలికి పోయాయి.

"చూశావా అక్కా, ఇంకో ఛాన్సిచ్చారు! ఆ రెండు వందలు ఎక్కువెలా వచ్చాయో మాత్రం అంతు పట్టడం లేదు. ఇసుక మూట నేనే కట్టుకున్నాను, రెండుసార్లు తూచుకున్నాను. ఈసారి సరిగ్గా కడతా."

సాయంత్రం చూస్తే ఖాళీ సంచి తగిలించుకుని మెట్లు ఎక్కి దిగుతోంది.

వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరమ్మ ఇవాళ వచ్చింది. తలుపు దగ్గరగా వేసి అడిగాను.

"ఉడుత 21న పరిగెత్తవచ్చా అమ్మా?"

"కూడదు. ఒకసారి ఇలా పడిన ఒళ్ళు రెండోసారి ఇంకా తొందరగా వేడెక్కవచ్చు. కాలేయం పరీక్ష ఇంకా మామూలుకు రాలేదు. ఆరు వారాలైనా ఆపి, మళ్ళీ పరీక్షలు చేసి, కొద్దికొద్దిగా మొదలుపెట్టించమని రాశాను. సలహా అనే గడిలో రాశాను కాబట్టి సలహాగానే ఉంచేశారు."

"మీరు గట్టిగా చెబితే..."

"ఏమని చెప్పను? తప్పు అమ్మాయిదేనని మీ రిజిస్టరు చెబుతోంది. ఆశపడి ఎక్కువ మోసింది, పడింది, ఈసారి తక్కువ మోస్తే సరి అంటున్నారు." కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఇక్కడందరికీ బలహీనులే పడతారని ఒక నమ్మకం. నేను చూసినంతలో ఆగడం చేతకానివాళ్ళే ఎక్కువగా పడ్డారు. నా దగ్గర మందులున్నాయి గానీ అంకెల్లేవు. అవి నీ దగ్గరున్నాయి."

ఆమెకు ఏమైనా తెలుసా? తెలిసే అవకాశం లేదు.


మే 14, గురువారం

నిన్నా ఇవాళా పని అయ్యాక ఇనప బీరువా ముందే కూర్చున్నాను. మూడేళ్ళ రోగుల రిజిస్టర్లు, తూకం రిజిస్టర్లు, కాపలా పట్టికలు తీసి, ఒకే తేదీవన్నీ పక్కపక్కన పెట్టుకుంటూ వచ్చాను. ఉడుత తప్పు కాదని నిరూపించాలని వెతుకుతున్నాను. ఇంకెవరి తప్పూ కాదని తేలితే ఇంకా మంచిదని కూడా వెతుకుతున్నాను.

మూడేళ్ళలో బరువు పరుగులో వేడికి పడినవాళ్ళు ఉడుతతో కలిపి పదకొండుమంది. ఒకాయన కోలుకోలేదు. ఆయన వస్తువులు పెట్టుకున్న గూట్లో ఇప్పుడు వేరేవాళ్ళ బూట్లున్నాయి.

ఏడుగురికి ముందు రాత్రి కాపలా. ఆరుగురికి ఆ వారంలోనే జ్వరమో విరేచనాలో ఉన్నాయి, వాటిని మనిషి పడిన తర్వాతే రాశారు. నలుగురు బ్యాచ్‌లో ఆలస్యంగా చేరినవాళ్ళు. ముగ్గురు ముందురోజు కూడా బరువుతో పరిగెత్తారు. ఎండ మండిపోయే రోజుల్లోనే పడ్డారని అనుకునేదాన్ని. కాదు. వాన వెలిసి గాలి ఆడని రోజుల్లోనే ఎక్కువమంది పడ్డారు. ముగ్గురిది లావు ఒళ్ళు. మిగతావాళ్ళ పేర్ల ఎదురుగా మాత్రం "చురుకు", "పట్టుదల", "నాయకత్వ లక్షణం" అని ఉంది. ఏదీ ఒక్కటే మనిషిని పడేసినట్టు కనిపించడం లేదు. ఒక్కొక్కరి మీద మూడో నాలుగో కలిసి పడ్డాయి. ఉడుత మీద దాదాపు అన్నీ పడ్డాయి.

చివరికి సంచుల బరువు గడి చూశాను. దారిలో పడినవాళ్ళ సంచులు కూడా తెచ్చి తూచి రాశారు. పదకొండు సంచుల్లో పన్నెండుకి తక్కువది ఒక్కటీ లేదు.

అప్పుడు తట్టింది. పన్నెండు కిలోల్లో రెండు కిలోలు నీళ్ళ సీసా. రెండు లీటర్లు. చివర కూడా పన్నెండుందంటే ఆ సీసా నిండుగా ఉందని అర్థం. పది కిలోమీటర్లలో ఒక్కరు కూడా సీసా మూత తీయలేదు.

ఒకప్పుడు ఒక బ్యాచ్ వాళ్ళు ఇసుక మూటలు కాలవలో పారేసి తేలిగ్గా పరిగెత్తారట. అప్పటినుంచి తూకం ముగింపు గీత దగ్గర పెట్టారు. తక్కువైతే మైదానం చుట్టూ ఒక రౌండ్ అదనం. ఆ రౌండ్‌తో సమయం కూడా పోతుంది. ఐదో కిలోమీటరు దగ్గర నీళ్ళ పీపాలున్నాయి, కానీ అక్కడ వరసలో నిలబడితే మూడు నిమిషాలు పోతాయని అందరూ దూరం నుంచే దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. ఇసుక దొంగల్ని పట్టడానికి పెట్టిన కాటా దాహం వేసినవాళ్ళని పట్టుకుంటోంది. నీళ్ళకి కూడా బరువుంటుందని ఆ కాటా పెట్టినవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

నేను ఏడు నెలల్లో మూడువందల పన్నెండు సంచులు తూచాను. వరసగా అన్నీ పన్నెండ్లే. ఆ గడి చూసి ఎంత క్రమశిక్షణ అని మురిసిపోయేదాన్ని. పన్నెండుకి తక్కువ ఒక్కటీ లేదు.

ఒక్కటీ లేదని మళ్ళీ రాశాను. చెయ్యి అలవాటుగా రాసేస్తోంది.


మే 15, శుక్రవారం

11.2.

ఉడుత సంచి బరువు అది. పదకొండు కిలోల రెండు వందలు.

వరసగా రాస్తాను. ఆగకూడదు. ఆమె గీత వైపు నేరుగా రాలేదు, అటూ ఇటూ తూలుతూ వచ్చింది. కాటా దగ్గర నన్ను చూసి, "పిన్నీ, తలుపు తియ్యి" అంది. పక్కనున్న అమ్మాయిలు నవ్వారు. నేనూ నవ్వాను. "తీస్తాలేగానీ, ముందు సంచి పెట్టు" అన్నాను. పెట్టింది. ముల్లు పదకొండూ రెండు దగ్గర ఆగింది. అంటే ఎనిమిది వందలు తాగింది. పదకొండుమందిలో సీసా మూత తీసింది ఆమె ఒక్కతే.

విజిల్ సార్ అటు తిరిగి వెనకవాళ్ళని లెక్కపెడుతున్నారు. ఆయన అనలేదు. నేనే అన్నాను. "ఎనిమిది వందలు తక్కువ. ఒక రౌండ్."

సంచి ఎత్తుకుంది. నాకు సెల్యూట్ కొట్టింది. నాకెవరూ సెల్యూట్ కొట్టరు. పరిగెత్తింది, మైదానం వైపు కాదు, గోడ వైపు. నేను గట్టిగా, "అటు కాదు, ఇటు!" అని అరిచాను. తిరిగింది. సగం రౌండ్ దాటలేదు.

మాట తేడా వస్తే ఏం చేయాలో నాకు నేర్పారు. పరీక్షలో ఆ ప్రశ్నకి పదికి పది వచ్చాయి.

ఆ సాయంత్రం విజిల్ సార్ వైద్య గదికి వచ్చారు. "ఆ రౌండ్ సంగతి బయటికొస్తే నిన్నూ నన్నూ ఒకే లారీ ఎక్కిస్తారు. పన్నెండు చేసెయ్" అని వెళ్ళిపోయారు. ఆయన ఉండి చేయించలేదు. ఆయన వెళ్ళాక నేనే అదే పెన్ను తీశాను. పక్కన చుక్కా రెండూ ఉన్నాయి కాబట్టి సరిగ్గా పన్నెండు చేయడం కుదరలేదు. రెండో ఒకటికి తోక తగిలించాను. 12.2 అయింది.

ఉడుత అందరికంటే ఎక్కువ మోసిన రహస్యం అదే. ఆ తోకను పట్టుకునే విచారణవాళ్ళు "స్వయంకృతం" అని రాశారు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇందులో ఆలస్యంగా వచ్చిన లారీకి ఒక పిడికెడు, జెండాకి ఒకటి, కాపలా పట్టిక వేసినవాళ్ళకి ఒకటి. ఎంత పంచినా నా వాటా తరగడం లేదు.


మే 16, శనివారం

మొదట విజిల్ సార్‌కి చెప్పాలి. వెనకనుంచి చెప్పినట్టు ఉండకూడదు. సామాన్ల గదిలో కూర్చుని 21 కోసం చిరిగిన ఇసుక మూటలు కుడుతున్నారు.

"కమాండెంట్ గారికి రాస్తున్నాను సార్. తూకం మార్చానని, రౌండ్ వేయించానని."

దారం పట్టుకున్న చెయ్యి ఆగింది. "నీకేమైనా మతి పోయిందా? ఉద్యోగం బరువైందా?"

"ఉడుత 21న పరిగెడుతుంది సార్."

"పరిగెడితే నేను పక్కనే ఉంటాగా. తొట్టి నింపి పెడతా. ఐసు పెడతా."

"పడుతుందని తెలిసే ఐసు పెడుతున్నారా?"

దారం పంటితో తెంచారు. తర్వాత మూట వైపు చూస్తూ అన్నారు. "నేనూ ఒకసారి పడ్డాను. చేరిన కొత్తలో. మా సార్ బూటుతో తన్ని లేపాడు. లేచాను. నేను లేచాను కాబట్టి అందరూ లేస్తారనుకుంటూ ఇరవై రెండేళ్ళు గడిపేశా." మూట ముడి విప్పి మళ్ళీ కట్టారు. "నా పేరు రాస్తావా?"

"మార్చమన్నారని రాస్తాను. తొట్టిలో దించింది మీరేనని, ఆ ఎనిమిది నిమిషాలు మీవేనని కూడా రాస్తాను."

"నేను సంతకం పెట్టను."

"అడగడం లేదు సార్."

తలుపు దాటుతుంటే వెనకనుంచి పిలిచారు. "ఇదిగో అమ్మాయ్. ఎనిమిదిన్నరకి మొదలెట్టిన సంగతి కూడా రాయి. వాళ్ళ కాగితంలో ఏడనే ఉంది."

ఉడుత మెట్ల దగ్గరుంది. ఈసారి సంచిలో సగం ఇసుక. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. పిన్నీ అన్న మాట కూడా.

ఆ మాట దగ్గర నన్ను ఆపింది. "మా పిన్ని ఇల్లు చల్లగా ఉంటుంది. రాతి గచ్చు. ఎండన పడి వెళ్తే తలుపు తీసి, కింద పడుకోమనేది."

మిగతాది విన్నాక లేచి నిలబడింది.

"నాలుగు రోజులుగా ఆ రెండు వందలు ఎక్కడివా అని ఇసుక జల్లెడ పట్టుకుంటున్నాను. నువ్వు చూస్తూనే ఉన్నావు కదా?"

"చూశాను."

"దుప్పటి కూడా సర్దావు."

"నన్ను క్షమించమని అడగడానికి రాలేదు."

"అడగకు. కాగితం రాయి."

"రాస్తాను. నువ్వు మాత్రం పరిగెత్తకు."

"పరిగెత్తకపోతే ఇంటికి పంపుతారు. ఒకసారి వెనక్కి వెళ్తే మావాళ్ళు మళ్ళీ గడప దాటనివ్వరు. నీకు తెలియనిదా?" సంచి భుజాన వేసుకుంది. "జవాబు వస్తే ఆగుతా. రాకపోతే 21న గీత మీద నిలబడతా. నువ్వు కాటా దగ్గర కూర్చో."

ఇవాళ ఒక్కసారి కూడా అక్కా అనలేదు.


మే 17, ఆదివారం

పొద్దున నాన్న ఫోను చేశాడు. ఉద్యోగం పోవచ్చని చెప్పాను, కారణం కూడా చెప్పాను. "అమ్మకి నేను చెబుతాలే" అన్నాడు. కాసేపటికి, "ఇంగ్లీషులో రాస్తున్నావా, మన మాటల్లోనా?" అన్నాడు. మన మాటల్లోనే అన్నాను. "మంచిది. గట్టిగా రాయి, ముక్కలు మింగకు" అన్నాడు.

ఐదుసార్లు రాసి చింపేశాను. "పొరపాటున" అన్న మాట ప్రతిసారీ ఎక్కడో ఒకచోట దూరిపోతోంది. ఆరోసారి దూరలేదు. రేపు ఉదయం తొమ్మిదింటికి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుంటాను. ఒక నకలు డాక్టరమ్మకి. ఇంకొకటి ఇక్కడ:

కమాండెంట్ గారికి,

వైద్య గది సహాయకురాలు నమస్కరించి రాయునది.

మే 2న జరిగిన బరువు పరుగులో పదిహేడో మనిషిగా వచ్చిన ట్రైనీ సంచి బరువు 11.2 కిలోలు. రిజిస్టర్లో ఉన్న 12.2 నేను దిద్దిన అంకె. సంచి తక్కువ తూగిందని ఆమెను అదనపు రౌండ్‌కి పంపింది నేను. ఆమె పడింది ఆ రౌండ్‌లోనే. అప్పటికే ఆమె మాట తేడాగా ఉంది, నడక తూలుతోంది. అది గుర్తించడం నా పని. గుర్తించలేదు. సాయంత్రం అంకె మార్చమని శిక్షకుడు అన్నారు, మార్చింది నేను. పడిన క్షణంలో ఆమెను చల్లటి నీళ్ళలో దించి బతికించింది కూడా ఆ శిక్షకుడే. విచారణలో నేను నిజం చెప్పలేదు. పరుగు మొదలైంది ఏడింటికి కాదు, ఎనిమిదిన్నరకి.

ఆమె నిర్ణీత బరువుకు మించి మోయలేదు. దాహం వేసి నీళ్ళు తాగింది. మన తూకం పద్ధతిలో అదే తప్పవుతోంది. మూడేళ్ళ రిజిస్టర్ల నుంచి తీసిన వివరాలు దీనితో జతచేశాను. పడిన పదకొండుమందిలో పదిమంది సీసాలు చివరి దాకా నిండుగానే ఉన్నాయి. దయచేసి సంచుల్ని పరుగుకు ముందు తూచండి, చివర ఇసుక మూట ఒక్కటే తూచండి. నీళ్ళ దగ్గర ఆగిన సమయాన్ని లెక్కలోంచి తీసేయండి. ముందు రాత్రి కాపలా వేసినవాళ్ళనీ, ఆ వారంలో జబ్బు పడినవాళ్ళనీ, కొత్తగా చేరినవాళ్ళనీ ఆ రోజు పరిగెత్తించవద్దు. జబ్బు చెప్పుకుంటే జెండా పోయే పద్ధతి ఉన్నంతకాలం ఎవరూ నాకు జబ్బు చెప్పరు.

ఆ ట్రైనీ 21న పరిగెత్తకూడదని డాక్టరు గారు రాసినది సలహా గడిలో ఉంది. దాన్ని ఉత్తర్వుగా మార్చమని, పరిగెత్తనందుకు ఆమెను తొలగించవద్దని కోరుతున్నాను.

నామీద తీసుకునే చర్యకు నేను సిద్ధం. అది 21 తర్వాతైనా తీసుకోవచ్చు. మిగతాది ఆగదు. 20వ తేదీ ఉదయం సంచులు పంచుతారు. సంచి చేతికొచ్చాక ఆ అమ్మాయిని ఆపడం నావల్ల కాదు.

ఒక్క వాక్యం చాలు, రాతలో ఇవ్వండి. పరిగెత్తించాలనే మీ నిర్ణయమైతే, అది ఎవరి ఉత్తర్వో వారి పేరు, హోదా రాసి సంతకం చేసి ఇవ్వండి. రోగుల రిజిస్టర్లో ముందుగానే రాసి ఉంచుతాను.

మీ జవాబు మే 19, మంగళవారం సాయంత్రం ఐదు గంటలలోగా నాకు అందాలని కోరుతున్నాను. అప్పటిదాకా వైద్య గదిలోనే ఉంటాను.